ఖాళీ కొక్కెం

ఆ పొద్దున ఆకాశం గిన్నెలు కడిగిన నీళ్ల రంగులో ఉంది. కురవనూ కురవదు, తెరిపీ ఇవ్వదు. మబ్బు మైదానం మీదికి వంగి, గోల్‌పోస్టు మీద మోచేతులు ఆనించి నిలబడ్డట్టుంది. అట్లాంటి వెలుతురులో గడ్డి లేని చోట్లన్నీ తడిసి నల్లగా బయటపడతాయి. పెద్దన్న బజారు నుంచి వచ్చి, సైకిలు గోడకు చేరేసి, మైదానాన్ని ఒకసారి, ఆకాశాన్ని ఒకసారి చూసి, ఇవాళ దాచడం కష్టమే అనుకున్నాడు.

లోపల అడుగు పెట్టగానే రంగు వాసన గుప్పుమంది. గేటు నుంచి డ్రెస్సింగ్ రూము దాకా నడవకు తెల్ల రంగు వేశారు. డ్రెస్సింగ్ రూము తలుపు దాటాక గోడ మామూలే, పెచ్చులూడి, చెమ్మకు బూజెక్కి ఉంది. వేణ్ణీళ్లు రాని స్నానాల గదికి కొత్త తాళం పడింది. లీగ్‌లో ఏ టీమ్ ఎక్కడుందో రాసే నల్లబల్లను గోడ వైపు తిప్పేసి, దాని ముందు పూలకుండీ ఒకటి పెట్టారు. ఆ కుండీలో పువ్వు కూడా ప్లాస్టిక్‌దే.

గోడకు రంగు పడిందంటే ఫ్రీ ఏజెంట్ ఎవరో వస్తున్నాడన్నమాట. పాత క్లబ్బుతో ఒప్పందం అయిపోయి, ఎవరు పిలిస్తే వాళ్ల దగ్గరికి పోవడానికి ఖాళీగా ఉన్న ఆటగాణ్ణి అట్లా అంటారు. అట్లాంటివాడు లీగ్‌లో అట్టడుగున పడి ఉన్న టీమ్‌కి తనంతట తాను రాడు. రప్పించాలి. ఆ విద్యలో సెక్రటరీది అందెవేసిన చెయ్యి. ఆయన నోరు విప్పితే మాట తీగలు తీగలుగా సాగుతుందని ఆటగాళ్లు చాటున "పాకం" అని పిలుచుకునేవాళ్లు.

"గెలిచే టీమ్‌ల దగ్గర అన్నీ ఉంటాయయ్యా, ఖాళీ ఒక్కటే ఉండదు," అనేవాడు పాకం ప్రతి మీటింగులోనూ. "మన దగ్గర ఉన్నదల్లా ఖాళీయే. అదే అమ్ముకుందాం. పెద్ద క్లబ్బులో బెంచీ మీద కూర్చుని నడుం పట్టేసినవాడికి, 'రా బాబూ, మొదటి రోజు నుంచీ ఆడతావు' అంటే చాలు. గోడలూ చూడడు, గడ్డీ చూడడు."

చూడడని నోటితో అంటూనే గోడకు రంగు వేయించేవాడు. అదీ ఆయన జాగ్రత్త.

ఆ అమ్మకానికి ఒక పద్ధతి ఉంది. వచ్చినవాణ్ణి ముందు రంగు వేసిన నడవలోంచి డ్రెస్సింగ్ రూముకు తీసుకుపోతారు. అక్కడ మధ్య కొక్కేనికి, వాడి పేరు వీపున రాసి ఉన్న జెర్సీ తగిలించి ఉంటుంది. ఇంకా సంతకం పెట్టనివాడి పేరు అప్పుడే గోడ మీద కనిపిస్తే, ఎంత గట్టివాడికైనా లోపల ఏదో కరుగుతుంది. ఆ జెర్సీ తగిలించాల్సింది కెప్టెన్. తర్వాత భోజనం కెప్టెన్ ఇంట్లో. "ఇది టీమ్ కాదు తమ్ముడూ, ఇల్లు" అని కెప్టెన్ అనాలి. కెప్టెన్ పెళ్లాం ఇంకాస్త వడ్డించాలి.

కెప్టెన్ పెద్దన్నే. జుట్టు నల్లగా ఉన్నప్పటి నుంచీ వెనక వరసలో నడిమధ్య, అయిదో నంబరు చొక్కాతో నిలబడ్డవాడు. మాట తక్కువ. తక్కువ మాట్లాడేవాడు ఒక మాటంటే జనం నమ్ముతారని పాకం ఎప్పుడో కనిపెట్టాడు.

అట్లా నమ్మి వచ్చినవాళ్లలో గుర్రం ఒకడు. పక్క గీత పట్టుకుని పరుగెత్తితే ఎవరికీ అందేవాడు కాదు. పెద్దన్న ఇంట్లోనే తిన్నాడు, "ఇల్లు" అన్న మాట విన్నాడు, అక్కడే సంతకం పెట్టాడు. బోడి నేలలో కాలు దిగబడి మోకాలు తిరిగిపోయినప్పుడు, పాకం ఆసుపత్రి గుమ్మం కూడా తొక్కలేదు. ఒప్పందం అయిపోగానే గుర్రం కొక్కెం ఖాళీ. ఇప్పుడు వాడు పెట్రోలు బంకులో కుర్చీ వేసుకుని కూర్చుంటాడు. పెద్దన్న సైకిలు కనబడితే చెయ్యెత్తి "అన్నా!" అంటాడు, నవ్వుతూ. తిట్టినా బాగుండేది. ఆ నవ్వు చూడలేక పెద్దన్న బజారుకు చుట్టూ తిరిగి వేరే వీధిన పోవడం మొదలుపెట్టాడు.

ఇంట్లో ఇల్లాలు ఒకసారి గరిటె కింద పడేసి అంది: "ఇంకెంతమందికి వడ్డించాలి ఏమండీ ఈ అబద్ధం? నా చేతి కూర తిని వాళ్లు కుంటుతుంటే నాకు ముద్ద దిగడం లేదు."

"ఈ ఒక్కసారికే," అన్నాడు పెద్దన్న.

ఆ ఒక్కసారి ఇవాళే. వచ్చే ఏడు నుంచి చిన్నపిల్లల టీమ్‌కి కోచ్ పని ఇస్తానని పాకం మాటిచ్చాడు. ఆ పని వస్తే క్లబ్బు ఇచ్చిన ఇల్లు కూడా నిలుస్తుంది. కాకపోతే ఇవాళ వచ్చే కుర్రాడు సంతకం పెట్టాలి.

ఇస్త్రీ బాబాయ్ సంచీ పట్టుకుని వచ్చాడు. టీమ్ బట్టలు ఉతికి, ఇస్త్రీ చేసి, పేర్లు అంటించేది ఆయనే. ఎప్పుడూ బాతాఖానీ కొట్టనిదే కదలనివాడు, ఇవాళ సంచీ బెంచీ మీద పెట్టి, "నడుం పట్టేసిందిరా" అని గొణిగి, మొహం చూపించకుండా తలుపు వైపు తిరిగాడు.

"ఆగు బాబాయ్. ఎవరి చొక్కా ఇవాళ?"

"ఎవరిదని అడిగితే ఏం చెప్పను? సెక్రటరీ నిన్న సాయంత్రం చెప్పాడు, పొద్దుటికి కావాలన్నాడు. కొత్త గుడ్డ ఎక్కణ్ణుంచి తేను?"

కొత్త గుడ్డ ఆ క్లబ్బులో ఎప్పుడూ లేదు. పోయినవాడి జెర్సీ మీద వేడి ఇస్త్రీ పెట్టి, అక్షరాలు మెత్తబడ్డాక పీకేసి, కొత్తవాడి పేరు అంటించడమే బాబాయ్ పని. ఎంత పీకినా పాత అక్షరాల నీడ గుడ్డలో ఉండిపోతుంది. ఒకసారి కొత్తవాడు ఒకడు "ఇదేంటి సార్, కింద ఇంకో పేరేదో ఉన్నట్టుంది?" అంటే పాకం తడుముకోకుండా "సబ్బు మరక బాబూ" అన్నాడు. ఆ నీడలు చదవడం పెద్దన్నకు అలవాటు. ఎవరి చొక్కాలో ఎవరు దూరారో చూసుకుని నిట్టూర్చడం తప్ప ఎన్నడూ నోరు మెదపలేదు.

సంచీలోంచి జెర్సీ తీశాడు. కొత్త పేరు నిగనిగలాడుతోంది. దాని కింద అయిదు. అయిదు అంకెను పీకలేదు, పాతదే ఉంచేశారు.

చంక కింద చెయ్యి పెట్టి తిప్పి చూశాడు. తెల్ల గుడ్డ మీద నీలం దారంతో కుట్టు. చలికాలంలో ఒకడు పట్టి లాగినప్పుడు చినిగితే, తెల్లదారం అయిపోయి, ఇల్లాలు నీలందారంతో కుట్టింది. "చంకలో ఎవరు చూస్తారులెండి," అంది అప్పుడు, పళ్లతో దారం తెంపుతూ.

పెద్దన్న జెర్సీని ఒంటికి దూరంగా పట్టుకున్నాడు. ఓడినప్పుడు రాలేదు అంత రోత. పేడలో కాలు పడితే కడుక్కోవచ్చు. ఇది తిన్న తర్వాత తెలిసినట్టుంది.

"నేను నీకు ముందే చెబుదామనుకున్నా," అన్నాడు బాబాయ్ తలుపు దగ్గర్నుంచి. "'అయిదో నంబరుది ఒకటి తీసి చెయ్యి' అన్నాడాయన. రెండు జతలున్నాయి కదా, ఒకటి పోతే నీకు తెలీదనుకున్నాడేమో. దీన్ని తగిలించేది నువ్వేనని తెలిసీ నాకు నోరు రాలేదు."

పెద్దన్న జెర్సీ పట్టుకుని ఆఫీసులోకి పోయాడు. పాకం అద్దం ముందు మీసం దువ్వుకుంటున్నాడు.

"ఏంటి సార్ ఇది?"

పాకం అద్దంలోనే చూశాడు. దువ్వెన ఆగలేదు. "అదే కదా పెద్దన్నా, కోచ్ పని అన్నాను. కోచ్ అయ్యాక ఇంకా ఆడతానంటావా ఏంటి?" అని నవ్వాడు. "నీ మోకాళ్లు మెట్లెక్కుతుంటే ఆఫీసులోకి వినబడుతున్నాయయ్యా. గౌరవంగా దించుతున్నాం నిన్ను."

"నాతోనే అమ్మిస్తారా నా చోటు?"

"నీకంటే బాగా ఎవరమ్ముతారు?" పాకం దువ్వెన జేబులో పెట్టుకుని దగ్గరికి వచ్చి, భుజం మీద చెయ్యి వేశాడు. చేతికి అత్తరు వాసన. "చూడు, వాడు సంతకం పెడితే నీకు పని ఉంది, ఇల్లుంది. పెట్టలేదనుకో, రెండూ నా చేతిలో లేవు. మీ ఆవిడ వంట మొదలెట్టిందా?"

పెద్దన్న భుజం విదిలించుకుని వచ్చి, జెర్సీని మధ్య కొక్కేనికి తగిలించాడు. తగిలించక తప్పలేదు. చేతులు మాత్రం కుళాయి కింద చాలాసేపు కడుక్కున్నాడు.

కుర్రాడు వాళ్ల అక్కతో కలిసి వచ్చాడు. తాటిచెట్టంత పొడుగు, గుమ్మం దగ్గర తల వంచి లోపలికి వచ్చాడు. పెద్ద క్లబ్బులో రెండు సీజన్లు బెంచీ మీదే కూర్చున్నాడని పాకం ముందే చెప్పాడు. కూర్చునీ కూర్చునీ భుజాలు ముందుకు వంగిపోయినట్టున్నాయి. అక్క బస్సు కండక్టరు. డ్యూటీ దిగి అట్లాగే వచ్చేసింది, తోలుసంచీ ఇంకా భుజాన ఉంది. తల్లి పోయాక తమ్ముణ్ణి ఆవిడే పెంచింది.

"రండి రండి అమ్మా! మా టీమ్‌కి వెన్నెముక వచ్చేసింది!" అన్నాడు పాకం.

"మొన్న ఇంకో క్లబ్బాయన కుడిభుజం అన్నాడండీ," అంది అక్క. "అంతకుముందు ఒకాయన గుండెకాయ అన్నాడు. మావాణ్ణి ముక్కలు ముక్కలుగా పంచుకునేట్టున్నారు."

పాకం పగలబడి నవ్వాడు. కుర్రాడు నవ్వలేదు. మధ్య కొక్కెం దగ్గర ఆగిపోయాడు. తన పేరున్న జెర్సీని వేలితో తాకాడు, వేడిగా ఉంటుందేమో అన్నట్టు మెల్లగా.

"వేసుకో బాబూ, నీదే!"

కుర్రాడు చటుక్కున వేసుకున్నాడు. సరిగ్గా సరిపోయింది. వాడి మొహం చూసి పెద్దన్న తల తిప్పుకున్నాడు. పస్తున్నవాడికి కంచం చూపించినప్పుడు వచ్చే వెలుగది. పాకం కూడా చూశాడు దాన్ని, చూసి పెదవులు తడుపుకున్నాడు.

"స్నానాల గది ఎటండీ?" అంది అక్క.

"మరమ్మతులో ఉందమ్మా, అంతా పాలరాయి వేయిస్తున్నాం."

అక్క తాళం వైపు చూసింది. తర్వాత నల్లబల్ల వైపు, దాని ముందు కుండీ వైపు చూసింది. పువ్వు రేకు ఒకటి రెండువేళ్లతో నలిపి, వేళ్లు చీరకు తుడుచుకుంది.

పెద్దన్న ఇల్లు మైదానం వెనకే. రెండు గదులు, ఒక వంటిల్లు. బల్ల చాలక, కుట్టుమిషను మీద దుప్పటి కప్పి దాన్నీ చేర్చారు. ఇల్లాలు మాంసం కూర, రొట్టెలు, ఉడికించిన దుంపలు పెట్టింది. పాకం అందరికంటే ముందు కూర్చుని, గిన్నె మూత తీసి, కళ్లు మూసుకుని వాసన పీల్చాడు.

"మా వదినగారి చేతి వంట తిన్నాక ఇంకో క్లబ్బుకు పోయినవాడు లేడమ్మా!"

"కుంటుతూ పోయినవాళ్లున్నారు," అంది ఇల్లాలు వంటింట్లోంచి. నీళ్ల చప్పుడులో ఆ మాట పాకానికి వినబడలేదో, వినబడనట్టు ఊరుకున్నాడో. అక్కకు మాత్రం వినబడింది.

కుర్రాడు జెర్సీ విప్పలేదు. దాంతోనే కూర్చున్నాడు. ఇల్లాలు రొట్టెల పళ్లెం తెచ్చి పెట్టబోతే, అందుకోవడానికి చెయ్యి పైకెత్తాడు. చంక కింద నీలందారం కనబడింది. ఇల్లాలి చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. పళ్లెం బల్ల మీద పెట్టి, మొగుడి మొహంలోకి చూసింది. పెద్దన్న కళ్లు దించుకున్నాడు. ఆవిడకు అర్థమయింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని గోడకు ఆనుకుని నిలబడింది.

"చెప్పు పెద్దన్నా, మన టీమ్ గురించి," అన్నాడు పాకం. "తమ్ముడు నీ నోటి నుంచి వినాలని వచ్చాడు."

పెద్దన్న మంచినీళ్లు తాగాడు. "ఇది టీమ్ కాదు తమ్ముడూ" అన్నంత వరకూ అలవాటుగా వచ్చింది. తర్వాతి మాట రాలేదు, గ్లాసు కింద పెట్టేశాడు. కుర్రాడు నోరు తెరుచుకుని చూస్తున్నాడు. గుర్రం కూడా అదే కుర్చీలో, అట్లాగే చూశాడు.

"ఒక్క మాట అడుగుతాను అన్నగారూ," అంది అక్క. "మొదటి రోజు నుంచీ మావాడు ఆడతాడంటున్నారు. మరి ఆ చోట్లో ఇప్పుడు ఆడేవాడు ఏమయ్యాడు?"

"ఆయన రిటైరవుతున్నాడమ్మా, సంతోషంగా..." అని పాకం అందుకోబోయాడు.

"నేనే," అన్నాడు పెద్దన్న. "నా చోటే. మీవాడు తొడుక్కున్న చొక్కా కూడా నాదే. చంక కింద చూడండి, మా ఆవిడ కుట్టిన కుట్టు. పొద్దున ఆ సంచీ తెరిచిందాకా నాకూ తెలీదు."

మాట తక్కువ మనిషికి మాట ఒకసారి కట్ట తెగితే ఆగదు.

"స్నానాల గదిలో పాలరాయి లేదు, వేణ్ణీళ్లూ లేవు. గోడకు రంగు నిన్న వేశారు. ఆ నల్లబల్ల తిప్పి చూస్తే మా పేరు అడుగున ఉంటుంది. ఆ కుర్చీలోనే కూర్చుని ఒకడు తిన్నాడు, గుర్రం అనేవాళ్లం. మోకాలు పోయింది. ఈయన చూడ్డానికి కూడా రాలేదు. వాణ్ణి పిలిచింది నా నోరే. చోటిస్తామంటారు. కాలు బాగున్నన్నాళ్లే ఆ చోటు. తర్వాత ఇస్త్రీ పెట్టి పీకేస్తారు, నన్ను పీకినట్టే. నీ వీపు మీద నా పేరు నీడ ఇంకా ఉంది, విప్పి చూసుకో తమ్ముడూ."

పాకం మొహం నల్లబడింది. రొట్టె తుంచబోయిన చెయ్యి అట్లాగే గాల్లో ఉంది. అక్క తోలుసంచీ భుజాన సర్దుకుని లేచింది.

"లేరా నాన్నా, పోదాం. నిజం చెప్పిన మనిషి దొరికాడు, అదే పదివేలు."

కుర్రాడు లేవలేదు. చొక్కా అంచు వేళ్లతో నలుపుతూ, పెద్దన్ననే చూస్తున్నాడు.

"అంటే, చోటు నిజంగానే ఖాళీ అయిందన్నమాట కదా అన్నా?"

పెద్దన్న అక్క వైపు చూశాడు.

"ఇప్పటిదాకా ప్రతివాడూ చోటిస్తామన్నాడు," అన్నాడు కుర్రాడు. "పెద్ద క్లబ్బులోనూ అన్నారు. వెళ్లి చూస్తే ఆ చోట్లో ఎవడో ఒకడు ఉండేవాడు, వాడు లేవడు, నేను బెంచీ మీద. లేచినవాణ్ణి ఎవరూ చూపించలేదన్నా. మిమ్మల్ని చూశాను. ఇంక నాకు అనుమానం లేదు. నేను సంతకం పెడతాను సార్."

"ఒరేయ్, విన్నావా అసలు ఆయన చెప్పింది?" అంది అక్క.

"విన్నానక్కా. మోకాలు పోతే పోనీ. ఆడితే కదా పోయేది."

అక్క నెమ్మదిగా మళ్లీ కుర్చీలో కూర్చుంది. సంచీ ఒళ్లో పెట్టుకుంది.

బల్ల కింద పెద్దన్న తొడ మీద ఒక చెయ్యి పడింది. పాకం చెయ్యి. రెండుసార్లు మెత్తగా తట్టింది. మొహం చూస్తే మళ్లీ వెనకటి పాకమే, పెదవులు సాగి ఉన్నాయి. చెవి దగ్గరికి వంగాడు.

"భలేవాడివయ్యా! ఇదెక్కడిది కొత్త రకం? ఇంతకుముందు ఎందుకు వాడలేదు? వచ్చేసారి కూడా ఇట్లాగే చెబుదువుగాని. కోచ్ పని నీదే, పో."

పెద్దన్న ఆ చేతిని తీసి పక్కన పెట్టాడు, బల్ల మీద పడ్డ పురుగును తీసి పెట్టినట్టు. ఉమ్మేద్దామని నోట్లో పోగేసుకున్నదంతా ఎదురుగా కూరగిన్నెలో పడ్డట్టుంది. అందరూ దాన్నే తినబోతున్నారు. గుర్రానికి అబద్ధం చెప్పాడు, వచ్చాడు. వీడికి నిజం చెప్పాడు, వీడూ వచ్చాడు. ఇంక ఏం చెబితే ఎవడు ఆగుతాడు?

లేచి పోదామనుకున్నాడు. ఉన్నది తన ఇంట్లోనే. ఎక్కడికి పోతాడు?

ఇల్లాలు గోడ దగ్గర్నుంచి కదిలింది. గరిటె తీసుకుని ముందు కుర్రాడికి వడ్డించింది, తర్వాత అక్కకు. మొగుడి కంచంలో కూర వేసి, కొసరుగా ఇంకో ముక్క వేసింది. పాకం కంచం ముందుకు జరిపాడు. ఆవిడ గిన్నె అతని ముందు పెట్టేసి, తనూ ఒక కంచం తెచ్చుకుని మొగుడి పక్కన కూర్చుంది. అతిథుల ముందు ఆవిడ అట్లా కూర్చోవడం అదే మొదలు.

పాకం తానే వడ్డించుకున్నాడు.

కుర్రాడు ఆకలిగా తిన్నాడు. రొట్టె కోసం చెయ్యి చాచినప్పుడల్లా చంక కింద నీలందారం కనబడి మాయమయింది. అక్క మాత్రం దుంపను ముక్కలు చేసి, ఆ ముక్కలను మళ్లీ ముక్కలు చేస్తోంది. పెద్దన్న మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని చాలాసేపు నమిలాడు. అది దిగాక ఇంకొకటి పెట్టుకున్నాడు.

కిటికీ అవతల ఆకాశం పొద్దుటి లాగే ఉంది. కంచాలకు వేళ్లు తగిలే చప్పుడు, పాకం ఎముక మూలుగ పీల్చే చప్పుడు, అంతే.